కుడి భుజం, సగం చిరుగు

జూన్ 2, సోమవారం

మదనపల్లెకు వెళ్ళి స్కాన్ తీయించుకొని వచ్చాం. కుడి భుజంలో టెండన్ సగం చిరిగిందట. టెండన్ అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. ఆరు వారాలు ఏమీ ఎత్తకూడదు, లాగకూడదు. పొద్దున, సాయంత్రం గోడ మీద వేళ్ళు పైకి నడిపించాలి.

నాకిదేం కొత్త కాదు! అమెరికా ఆసుపత్రుల రిపోర్టులు చదివి, బీమా కోసం ప్రతి జబ్బుకూ ఒక కోడ్ వేయడమే నా ఉద్యోగం. పుంగనూరులో మా ఇంట్లో నుంచే చేస్తాను. రోజూ ఎవరిదో ఒక భుజం వస్తుంది. కుడిదా, ఎడమదా? సగమా, మొత్తమా? అరిగి చిరిగితే ‘ఎం’తో మొదలయ్యే కోడ్. దెబ్బ తగిలి చిరిగితే ‘ఎస్’. నాది ఎం.

పనులు పంచేశాను.

మా ఆయన యువరాజ్: వంట, నీళ్ళు, బట్టలు.
మా అత్త రెడ్డెమ్మ: ఆవు పాలు పితకడం.
నేను: ఏమీ లేదు!

యువరాజ్ "ఆరు వారాలే కదా, నేను సూసుకుంటా" అన్నాడు. అత్త మాత్రం "సూద్దాం లేమ్మా" అంది.

జూన్ 3

మెడలో పట్టీ, పట్టీలో చెయ్యి. ఎడమ చేత్తో మౌస్. బ్రహ్మాండం! ఒక ఎడమ భుజానికి కుడి కోడ్ వేశాను. మా కోడ్‌లు సరిచూసే ఆడిటర్ మెయిల్ పెట్టింది. క్షమించమని రాశాను, ఎడమ చేత్తోనే.

గోడ మీద వేళ్ళు క్యాలెండర్ దాకా వెళ్ళాయి.

జూన్ 5

మా ఆవు పేరు పొట్టమ్మ. పుంగనూరు పొట్టి జాతి, నా నడుమంత ఎత్తు ఉంటుంది. నేను తప్ప ఎవరు కూర్చున్నా పాలు చేపదు. అత్త రెండు రోజులు చెంబు పట్టుకొని వెళ్ళి, ఖాళీ చెంబుతో వచ్చింది.

"నాకు సేతకాదమ్మా" అని గుమ్మంలో చెంబు పెట్టేసింది.

ముప్పై ఏళ్ళు ఆవులు పెంచిన మనిషి! తప్పించుకుంటోందని అర్థమైంది. నేను కాపురానికొచ్చిన వారానికే ఈ చెంబు నా చేతిలో పెట్టింది. అది పెత్తనం. ఇదీ అదే.

యువరాజ్ కూర్చున్నాడు. పొట్టమ్మ తన్నింది. ఆవు తంతే ఒక కోడ్ ఉంది, కరిస్తే ఇంకొకటి. ఆ సంగతి చెప్పాను. మోకాలు రుద్దుకుంటూ "మందుండాదా?" అన్నాడు.

కోడే ఉంది.

జూన్ 8

డాక్టర్ చెప్పింది కుడి చేయి గురించి. ఎడమ చేత్తో పితకొద్దని ఎక్కడా అనలేదు.

జూన్ 9

కుడి చేత్తో చెంబు పట్టుకున్నానంతే. పట్టుకోవడం ఎత్తడం కాదు.

గోడ పని పొద్దున కుదరలేదు, ఆడిటర్ వల్ల. సాయంత్రం కుదరలేదు, సాయంత్రం కాబట్టి.

జూన్ 12

రెండు చేతులతో పితికాను. కుక్కర్ దించాను. బకెట్ ఎత్తాను. పరుపు దులిపాను. విడివిడిగా చూస్తే ఏదీ బరువు కాదు.

యువరాజ్ రెండు రోజులుగా షాపులో పనెక్కువ అంటున్నాడు. చేతి పట్టీ కొట్టంలో మేకుకు వేలాడుతోంది.

జూన్ 15, ఆదివారం

పాలు పితికి లేస్తుంటే సందులో లారీ హారన్ కొట్టింది. పొట్టమ్మ బెదిరింది. పలుపు నా కుడి చేతికి చుట్టుకొని ఉంది. నడుమెత్తు ఆవే, లాగుడు మాత్రం నడుమెత్తు కాదు. భుజంలో గుడ్డ చింపినట్టు చప్పుడైంది.

చెయ్యి లేవలేదు. గట్టిగా ఏడ్చాను.

యువరాజ్ వాళ్ళమ్మ మీద అరిచాడు. "నువ్వు పితికింటే ఏం పొయ్యేదిమా నీకు? ఊరికే కూసోనుండావు కదా!"

అత్త ఒలికిన పాల మీద మట్టి చల్లింది.

జూన్ 17

మళ్ళీ మదనపల్లె. చిరుగు పెరిగింది. ఇంకా ఒక పోగు మిగిలి ఉందట. ఆరు వారాల్లో అతుక్కోకపోతే ఆపరేషన్.

బస్సులో నాకు నేనే కోడ్ వేసుకున్నాను. ఎం పోయి ఎస్ వచ్చింది. మొన్నటిదాకా అరుగుదల, ఇప్పుడు గాయం. పశువు పాలు పితుకుతుండగా జరిగింది అని చెప్పడానికీ కోడ్ ఉంది. ఎవరి వల్ల అన్నదానికి లేదు. వెతికాను.

జూన్ 18

గోడ దగ్గర నిలబడి వేళ్ళు నడిపిస్తున్నాను. నడుము దాటలేదు. అత్త వచ్చి పక్కన నిలబడింది.

"ఎట్లమ్మా అది?"

చూపించాను. తనూ కుడి చెయ్యి గోడకు ఆనించింది. వేళ్ళు రొమ్ము దాకా వచ్చి ఆగాయి.

"పైకి పోనీ అత్తా."

"అంతేమ్మా. ఆపైన పోదు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు రాకముందు. గడ్డిమోపు దించతా ఉంటే కలుక్కుమనె. ఆవు కింద సెయ్యి సాపితే సురుక్కంటాది, అందుకే సెంబు నీకిస్తిని."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురడిగినారు?"

రోజూ పొద్దున జడ వేయమని నా ముందుకొచ్చి కూర్చుంటుంది. దండెం మీదికి బట్టలు విసురుతుంది. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. ముక్కూ మొహం తెలియని అమెరికా వాళ్ళ భుజాలు వేలకొద్దీ చదివాను.

"ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పా?" అని అడిగాను.

"ఆ పక్క పండుకోని ఎన్నేండ్లాయనో!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

జూన్ 21

నిన్న అత్తను మదనపల్లె తీసుకెళ్ళాం. పూర్తి చిరుగు, చాలా పాతది. కుట్టడానికి లేదట. వ్యాయామంతో కొంత కదలిక వస్తుందన్నారు. అత్తకు ఎం వేయాలో ఎస్ వేయాలో తేల్చుకోలేకపోయాను. మోపు లాగింది, ఆపైన మేం అరగదీశాం.

బస్టాండులో యువరాజ్ వాళ్ళమ్మకు సోడా తెచ్చిచ్చి, పక్కనే నిలబడ్డాడు. "అరిసినాను మా" అన్నాడు. "తాగరా, గ్యాస్ పోతాది" అంది, గ్లాసు కొడుకు చేతికే ఇచ్చి.

పొట్టమ్మను సోమలలో ఆడబిడ్డ ఇంటికి ఆటోలో పంపాం. వెనక సీట్లో పట్టింది. అత్త సందు చివరిదాకా వెనకే నడిచింది.

జూన్ 23, సోమవారం

మొదటి రోజు! ఆరు వారాలు. ఎత్తేది లేదు, లాగేది లేదు. ఈసారి ఇద్దరం.

గోడ మీద నా వేళ్ళు నడుము పైకి జానెడు వెళ్ళాయి. అత్తవి రొమ్ము దాకానే, కానీ అక్కడ చాలాసేపు నిలిచాయి. "రేపు ఇంగొంచెం" అంది.

యువరాజ్ రాగి సంగటికి దిగాడు. వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది.

"మా! తెడ్డు యాడుండాది? సుమతీ! తెడ్డూ!"

ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. అత్త లేవబోయింది. కొంగు పట్టుకొని కూర్చోబెట్టాను.