రెండో దినం బల్లి పలికింది

ధర్మపురి జిల్లా, పాలకోడు తాలూకా, తుంబలహళ్లి కాపురస్తుడు చిన్నప్పన్ కుమారుడు లక్ష్మణ, వయస్సు డెబ్భై ఆరు, సేద్యగాడు, తన చేతితో వ్రాసుకున్న మరణశాసనం. కాళ్లు సరిగా లేవు, బుద్ధి సరిగానే ఉన్నది. ఎవరి బలవంతమూ లేదు. నోటితో చెప్పడం నాకు ఏనాడూ చేతకాలేదు కనుక వ్రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు చదవలేనివారికి బడి వాధ్యారు ఆనంద్‌బాబు చదివి వినిపించవలెను. ఏ మాటా విడువకూడదు.

1. ఇల్లు నా భార్య అక్కమ్మకు, ఆమె ఉన్నంతకాలం. తర్వాత ఇల్లూ, మెట్టచేనూ నా ఏకైక కుమారుడు సదాశివానికి. కొడుకు కనుక ఇస్తున్నాను. వేరే కారణం లేదు.

2. కోడలు ధనలక్ష్మికి ఎర్రావు, దూడ. "ముందు ఆస్పత్రికి పోదాం మామా" అని, కూతురి జబ్బునాడు మేము గుడిలో కాచుకున్న ఆ వారమంతా అడిగింది ఆమె ఒక్కతే.

3. సదాశివం కూతురు కీర్తికకు డ్యామ్ కాలువ కింది నాలుగెకరాల మాగాణి, బావి, మోటారు సహా. ఎందుకని అడిగేవారు వినండి.

2004లో, ఇరవై ఒకటో ఏట, కీర్తిక మెడలో గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. బెంగళూరు డాక్టరమ్మ నన్నూ సదాశివాన్నీ లోపలికి పిలిచి చెప్పింది. మందుతో పిల్ల బతుకుతుంది, అండాలు మాడిపోవచ్చు. ముందే తీసి మంచులో దాచవచ్చు. కొత్త పద్ధతి, ఖాయమనలేను. రెండు వారాలకు మించి మందు ఆపేందుకు లేదు.

పెద్ద పనికి ముందు మునియప్పన్ గుడిలో కూర్చుని బల్లి పలుకు కోసం కాచుకోవడం మా వాడుక. కుడి పక్క పలికితే ఉత్తరువు, ఎడమ పలికితే వద్దని. అండాలు తీయించేందుకు ఉత్తరువు అడిగి కూర్చున్నాము. రెండో దినం పొద్దున కుడి పక్క పలికింది. నేను విన్నాను. సదాశివం, "తలుపు కిర్రుమనింది నాయనా, నీ చెవులకు అన్నీ బల్లులే" అన్నాడు. అందరూ నవ్వినారు. పెండ్లికాని పిల్లకు అట్లాంటి వైద్యమని ఊరికి తెలియడం అతనికి ఇష్టం లేదు. నాకు అది తెలుసు. నోరు మూసుకున్నాను. ఏడో దినం ఎడమ పలికింది. అండాల మాట వదిలేసి మందు ఎక్కించినారు.

జబ్బు పోయింది. ఇరవై రెండో ఏట నెలసరీ పోయింది. తిరిగి రాలేదు.

ఈ సంవత్సరం ఆస్పత్రి కాగితాల్లో అండాల మాట చూసి కీర్తిక నా దగ్గరకు వచ్చింది. "బల్లిని అడిగినారే తాతా, నన్నెందుకు అడగలేదు?" అన్నది. ఈ పొలం జవాబు కాదు. నా దగ్గర ఉన్నది ఇదే.

ఇంకొకరి అండంతో బిడ్డను కన్నా, పెంచుకున్నా, పొలం అమ్ముకుని ఒంటిగా బతికినా ఆమెను ఎవరూ పంచాయతీకి పిలవకూడదు. ఏ గుడిలోనూ ఉత్తరువు అడగకూడదు.

4. మా నాయన వీలునామా ముందర పెట్టుకుని చూసి వ్రాసినాను. మూడో అంశంలో "పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలెను" అని చెయ్యి దానంతట అదే దించింది. కొట్టివేసినాను. పైన "ఆమె ఇష్టప్రకారం" అని వ్రాసినాను. ఆ కొట్టివేత పక్కన వేరుగా చేవ్రాలు పెట్టినాను. అది పొరపాటు దిద్దినది కాదు. నేను తెలిసే చేసినది.

తుంబలహళ్లి, 2008 ఆగస్టు 18.

(చేవ్రాలు) చి. లక్ష్మణ

సాక్షులు:
ఆనంద్‌బాబు, వాధ్యారు, పాలకోడు
వడివేలు, తుంబలహళ్లి