ప్యాచ్ మింగిన బావి

ప్రొద్దుటూరు,
ఆదివారం.

అమ్మకు నీ పెద్దకూతురు మెహతాబ్ సలాం చెప్పి రాసుకునే సంగతులు. ఇక్కడ నేనూ, చెల్లెలు ఆఫ్రీనూ ఒంట్లో బాగానే ఉన్నాం. కువైట్‌లో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాం. నా మనసు సంగతి మాత్రం అడగొద్దు. శానా కోపంలో రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

సెలవు మీద వచ్చిన షఫీ చేతికిచ్చి నువ్వు పంపిన ఉత్తరమూ, ఖర్జూరాలూ అందాయి. అడిగినవాటికి ఒక్కొక్కటే చెప్తాను. ఆఫ్రీన్ నర్సింగ్ పరీక్షలు బాగానే రాసింది, నాతో పోట్లాడటం మాత్రం మానలేదు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. మన వీధి జానీబీ ఖాలా ఎల్లుండి కువైట్‌కు తిరిగి పోతోంది, నీ మోకాళ్ళకు తైలం, ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నా. ఇక నీ వీసా గడువు దగ్గర పడింది, నా ఉద్యోగం నిలకడగా ఉంటే రెన్యువల్ వద్దని నువ్వు పనిచేసే ఇంటి మేడంకు చెప్పేసి ఇంటికి వచ్చేస్తానన్నావు. చెప్పమంటావా, వద్దా అని అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు మా ఆఫీసు గొడవ చెప్పాలి.

జమ్మలమడుగులో నేను చేసే పని నీకు తెలుసు. సర్వేయర్లు పొలాల్లో కొలిచి తెచ్చిన హద్దుల్ని కంప్యూటర్‌లో పటంగా గీస్తాం. హద్దు తప్పుందని రైతు వస్తే మళ్ళీ కొలిపించి సరిచేస్తాం. ఆ పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌కు కంపెనీవాళ్ళు కొత్త ప్యాచ్ ఒకటి పంపారు. ప్యాచ్ అంటే చొక్కాకు మాసిక వేసినట్టు, పాత ప్రోగ్రాంలో లోపాలకు వేసే అతుకు. వీళ్ళ అతుకు చొక్కానే చింపింది.

అది వేసినప్పటి నుంచి పని మధ్యలో ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమంటారు. చేశాం అంటే స్క్రీన్ ఫొటో పంపమంటారు. స్క్రీన్ మీద ఏమీ మిగలకుండా పోతుంటే దేన్ని ఫొటో తీయాలి? మీ వైపు కరెంటు సరిగా ఉండదేమో చూసుకోండి అన్నాడు ఒకడు. ముద్దనూరు పక్కన థర్మల్ ప్లాంటులో కరెంటు తయారై ఎక్కడెక్కడికో పోతుంటే మాకే కరెంటు పాఠం చెప్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ తెరిచినప్పుడల్లా, పోయిన పని తిరిగి తెమ్మంటారా అని అది అడిగేది. అందరం చప్పున 'అవును' నొక్కేవాళ్ళం. సాయంత్రానికి పటాల లెక్క పైకి పంపాలి కదా, ఆగి చూసే తీరిక ఎవరికి ఉంది? ఆ రోజు గీసిన గీతలు కనబడేవి కాబట్టి అనుమానమూ రాలేదు. కానీ అదే ఊరి పటంలో అంతకుముందు సరిచేసిన పొలాలన్నీ పాత తప్పులోకే జారిపోయేవి. రైతులు కాళ్ళరిగేలా తిరిగి సరిచేయించుకున్న హద్దులు గుట్టుచప్పుడు కాకుండా పోయాయి. ఆ పటాలతోనే కాగితాలు అచ్చయి ఊళ్ళకు వెళ్ళాయి.

ముద్దనూరు దగ్గరి పల్లెలో రామాంజులు అని ఒక రైతు ఉన్నాడు. ఆయన చీనీకాయల తోటకు ఉన్నది ఒకటే బావి. మొదటి పటంలో ఆ బావి పక్క పొలంలో పడితే, సర్వేయర్‌తో పాటు నేనూ వెళ్ళి గట్టు రాళ్ళు చూసి సరిచేసి వచ్చాను. వాళ్ళావిడ మాకు మజ్జిగ ఇచ్చింది. ఇప్పుడు కొత్త కాగితంలో బావి మళ్ళీ పక్కాయన వైపు పడింది. అతను ఆ కాగితం చూపించి మోటారు గదికి తాళం వేసుకున్నాడు. రామాంజులు ఎండిన చీనీ కొమ్మ ఒకటి పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా బాయి యాడికి పాయమ్మా? నువ్వే గదా వచ్చి చూసి పోయింటివి," అన్నాడు.

పులివెందుల ఆఫీసులో నాలాంటి పనే చేసే గౌరికి ఫోన్ చేశాను. వాళ్ళు ఆ ప్యాచ్ ఇంకా వేయనే లేదట. వాళ్ళ ప్రోగ్రాం ఒక్కసారి కూడా మూసుకుపోలేదట. రోగం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నా కంప్యూటర్‌లో ప్యాచ్ తీసేసి, పాత వెర్షన్ వేసి, విడిగా దాచుకున్న కాపీలతో పోల్చి చూశాను. సరిచేసిన ఏ పొలం చూసినా మళ్ళీ పాత తప్పే. వెళ్ళి మా మేనేజర్ శరత్ చంద్రకు చూపించాను.

ఆయన లేచి తలుపు మూశాడు. "ఈ మాట బయటికి పోగూడదు. ఆయప్పను మళ్ళా అర్జీ పెట్టుకోమను, వరసలో చూస్తాం," అన్నాడు. ఆ వరస వచ్చేసరికి తోట కట్టెలవుతుంది సార్ అంటే, నీకెందుకు అన్నాడు. నాకెందుకంటాడేమిటమ్మా? ఆ 'అవును' నొక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను. మజ్జిగ తాగింది కూడా నేనే.

బయటికొచ్చి అందరి ముందరే రామాంజులుకు చెప్పాను. "బాయి నీదే అప్పా. తప్పు మాది. రాసిస్తాండా, తీసకపో."

ఆ కాగితం చూసి మండలాఫీసువాళ్ళు మళ్ళీ కొలిచేదాకా తాళం తీయించారు. తోటకు నీళ్ళు పారుతున్నాయి.

ఇక దాచిన మాట. పోయిన శుక్రవారం నువ్వు ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానన్నాను. అబద్ధం. ఇంట్లోనే మంచం మీద కూర్చుని ఉన్నాను. నన్ను తీసేశారమ్మా. అనుమతి లేకుండా ప్యాచ్ తీయడం నేను చేసిన నేరమట. ప్యాచ్ పంపినవాడికి ఏమీ కాలేదు. తెలిసి తెలిసి తలుపు మూసినవాడికీ ఏమీ కాలేదు.

నిన్న శరత్ చంద్ర ఫోన్ చేశాడు. రామాంజులుకు పొరపాటున రాసిచ్చానని ఇంకో కాగితం ఇస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటారట. నేను రాస్తే నువ్వు వచ్చేయొచ్చు. రాస్తే ఆ మోటారు గదికి మళ్ళీ తాళం పడుతుంది. ఆఫ్రీన్ రాయమంది. అమ్మ వస్తుంది కదక్కా అని ఏడ్చింది. దాని మీద అరిచాను. తర్వాత నేనూ ఏడ్చాను.

తల వంచుకుని పని చేసుకోమని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. నాకు ఆ మాట మీద కూడా కోపమే. వంచితే ఇంకొంచెం వంచమంటారు తప్ప చాలని ఎవరూ అనరు. నీకు అది నాకంటే బాగా తెలుసు, అయినా నాకు అదే చెప్తావు.

పులివెందులలో పని ఏదైనా ఉందేమో గౌరి అడిగి చూస్తానంది. నీ గడువు లోపల దొరుకుతుందని మాటివ్వలేను. దొరకదనే అనుకుంటున్నాను.

ఆ కాగితం నేను రాయలేదు, రాయను. అందుకని నువ్వడిగినదానికి నా జవాబు ఇదమ్మా. మేడంకు ఏమీ చెప్పొద్దు. వీసా రెన్యువల్ చేయించుకో.

ఇట్లు,
నిన్ను ఇంటికి రానివ్వని నీ పెద్దకూతురు
మెహతాబ్