రెండు రుమాళ్ల సినిమా

బంగారంలాంటి మా వదినకి,

కోపం తగ్గాక రాయిద్దామని మూడు రోజులు ఆగాను. తగ్గలేదు. ఇవాళ నీ కూతురు మందుల షాపు నుంచి రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా కూర్చోబెట్టి చెబుతున్నాను. తన గురించి ఏం వచ్చినా మార్చకుండా రాస్తానని మాట తీసుకున్నాను.

పదకొండేళ్లుగా మనది ఒకటే ఒప్పందం. శనివారం మధ్యాహ్నం ఆటకి వెళ్లి నేను చూసిన సినిమా నీకు చెబుతాను, నువ్వు చూసింది నాకు చెబుతావు. చెప్పిన సినిమా చూసి తీరాలి, చూసి ఎలా ఉందో రాయాలి. పిల్లల పెళ్లిలో ‘మీరు, తమరు’ అనుకుంటూ బిగుసుకు కూర్చున్న వియ్యపురాళ్లం ‘నువ్వు’లోకి దిగింది ఆ సినిమాల పుణ్యమే. ఇన్నేళ్లలో నీకు చెత్త సినిమా చెప్పానా? నువ్వు నాకు చెప్పావు, రెండుసార్లు. ఒక దాంట్లో అయితే హీరో గోడ మీద నుంచి దూకడం తప్ప ఏమీ చెయ్యలేదు. అయినా నేను నిన్ను ఒక్క మాటన్నానా?

మరి పడవవాడి సినిమాకి నువ్వు నన్నెందుకు అన్నావు?

నేను చెప్పిందేమిటో మళ్లీ చెబుతాను, నీ కూతురే సాక్షి. ఏరు దాటించే పడవవాడు. అవతలి ఒడ్డున బళ్లో పాఠాలు చెప్పే పంతులమ్మ. రోజూ ఆవిణ్ని దాటిస్తాడు, మనసులో మాట బయటపెట్టలేడు. ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉంటుంది. చివరికి ఏటి మీద వంతెన కడతారు. ఆవిడ పైన నడిచి వెళ్తుంటే వాడు కింద ఖాళీ పడవలో నిలబడి తలెత్తి చూస్తాడు. నాకు గుండె పట్టేసింది. ఒక రుమాలు చాలదు, రెండు తీసుకెళ్లమని రాయించాను.

నువ్వేం రాశావు? అది మొదటి నుంచి చివరిదాకా నవ్వుల సినిమా అని. ఆ పంతులమ్మ వాడి సొంత అక్క అని. తండ్రి వదిలిపోయిన గాడిద ఎవరికి చెందాలని ఇద్దరూ తగువులాడుకుంటారని. నువ్వు నీ వీధిలో ముగ్గురిని వెంటబెట్టుకుని రుమాళ్లతో వెళితే, పక్క కుట్టుమిషను ఆవిడ నవ్వీ నవ్వీ నీ రుమాలు తీసుకుని కళ్లు తుడుచుకుందని. పడవలో గాడిద ఉన్నమాట నిజమే. దాన్ని నేను పట్టించుకోలేదు. కాని వదినా, నా ముందు వరుసలో ఉన్నవాళ్ల భుజాలు వణికిపోవడం నేను కళ్లారా చూశాను. హాలు హాలంతా ఏడుస్తోంది. నీ ఊళ్లో వేరే సినిమా ఆడిందేమో కనుక్కో.

అది పోనీ. చివర ‘వయసు మీద పడుతోంది వదినా, కాస్త జాగ్రత్త’ అని ఎందుకు రాశావు? ఆ వాక్యం చదివేటప్పుడు నీ అల్లుడు అక్కడే ఉన్నాడు. పోయిన నెల పంపు కట్టకుండా వదిలేశానట, రెండుసార్లు తలుపు కొట్టినా తీయలేదట, ఇప్పుడు చూసిన సినిమా కూడా తలకిందులుగా చెబుతున్నానట. అన్నీ కలిపి ఒక మూట కట్టి, అమ్మకి మతి జారుతోంది అన్నాడు. ఇకనుంచి ఒంటరిగా గడప దాటొద్దు, శనివారం సినిమా బంద్ అన్నాడు. నేను ఇల్లు అదిరేలా అరిచాక ఒక్క మెట్టు దిగాడు. ఈ ఆదివారం కాక పై ఆదివారం నీకు ఫోన్ చేస్తాడు. పదకొండేళ్ల ఉత్తరాలు చదివినదానివి నువ్వే కాబట్టి, అమ్మ మతి ఎలా ఉందో అత్తగారే చెప్పాలి అంటాడు.

అంటే నా శనివారం నీ నాలిక మీద ఉంది. నిక్షేపంలా ఉంది అని చెప్పు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడకు. ఈ వారం నీకు సినిమా చెప్పను, అది నీకు శిక్ష.

ఇట్లు
కోపం తగ్గని నీ వియ్యపురాలి వేలిముద్ర

---

వదినా,

చేతిరాత మారిందని కంగారుపడకు. ఇది నీ కూతురు రాస్తున్నది కాదు. సినిమా హాల్లో టికెట్లిచ్చే అమ్మాయి రాస్తోంది. అమ్మాయి అంటే నలభై దాటింది, అద్దం వెనక కూర్చుంటుంది కనక నేను ‘కిటికీ’ అని పిలుస్తాను. ఇవాళ శనివారం, లోపల ఆట మొదలైంది. నేను టికెట్ కొనలేదు. ఆమె గదిలో స్టూలు మీద కూర్చుని చెబుతున్నాను. ఇంట్లో చెప్పి రాయించలేనిది ఒకటుంది.

పడవవాడి సినిమా నవ్వుల సినిమాయే. నువ్వు రాసింది నిజం. నాకు వినపడలేదు.

మతి చక్కగా ఉంది వదినా, పోయింది చెవులు. ఆరేళ్లయింది. ఎడమది పూర్తిగా, కుడిది ముక్కాలు వంతు. ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదంటే మిల్లు చలవ. ముప్పై ఏళ్లు మగ్గాల హోరులో పనిచేసినదాన్ని. అక్కడ ఎవరి గొంతూ ఎవరికీ వినపడేది కాదు, మూతి చూసి మాట పోల్చుకునేవాళ్లం. ఆ హోరే చెవులు తినేసింది, ఆ హోరే ఈ విద్య నేర్పింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే నాకు ఒక్క అక్షరం పోదు. కిటికీకి మాత్రం దొరికిపోయాను. ఒకనాడు ఆమె ముందున్న మైకు పాడై, వరుసలో అందరూ ఏమిటి ఏమిటి అని అద్దానికి చెవులు ఆనిస్తుంటే, నేనొక్కదాన్నే ఆమె అడిగినదానికి టక్కున జవాబు చెప్పానట.

సినిమా అంటే నాకెందుకంత ప్రాణమో ఇప్పుడు చెబుతాను. ఇంట్లో మనుషులు గోడకేసి మాట్లాడతారు, ఫోన్లోకి తలొంచి మాట్లాడతారు, పక్క గదిలోంచి మాట్లాడతారు. తెర మీద మనిషి మొహం గుమ్మమంత ఉంటుంది. మూతి తలుపంత ఉంటుంది. తిన్నగా నా వైపు చూసి మాట్లాడుతుంది. వారం మొత్తం మీద నాకు మాటలు పూర్తిగా అందేది ఆ రెండున్నర గంటలే. నీ అల్లుడు బంద్ అంటున్నది దాన్ని. పడవవాడి సినిమా ఎక్కడ దెబ్బతీసిందంటే, అది వేరే భాషది, డబ్బింగు చేశారట. మూతి ఒకటి అంటుంది, మాట ఇంకొకటి. నాకేం తెలుసు? ఒక్క ముక్క అందకపోయేసరికి మొహాలు చూసి నేనే కథ అల్లుకున్నాను. ముందు వరుస భుజాలు చూసి ఏడుపనుకున్నాను.

చెవిటిదాన్నయ్యానని ఒక్క మాట చెబితే మతిగోల తీరిపోయేది కదా, ఎందుకు చెప్పవు అని కిటికీ అడిగింది. నువ్వూ అడుగుతావు. అదే చెప్పడానికి వచ్చాను. ఇది నీ కూతురి చేత రాయించలేను.

మా అత్తగారికి చెవుడు. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఏమీ వినపడేది కాదు. ఆవిడ మిల్లు మనిషి కాదు, మూతి చూసి పోల్చుకోవడం తెలియదు. నాకు పద్దెనిమిదేళ్లు, నోట్లో అగ్గి. పగలంతా మిల్లు, ఇంటికొస్తే ఆవిడ పని. ఎదురుగా నిలబడి నవ్వుతూ తిట్టేదాన్ని వదినా. మొహం నిండా నవ్వు పులుముకుని, అనరాని మాటలు అనేదాన్ని. ఆవిడ నా మొహం చూసి తనూ నవ్వేది. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ల ముందు కూడా అని నవ్వించేదాన్ని. ఒకసారి ఆవిడ తల దువ్వుతూ, ఈ ముసలిది ఎప్పుడు పోతుందో, నా చేతులకి ఎప్పుడు విశ్రాంతో అన్నాను. ఆవిడ వెనక్కి చెయ్యిపెట్టి నా చెయ్యి తడిమి, ‘చాల్లే తల్లీ, అలిసిపోయావు’ అంది.

అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలు ఏడ్చిందని సామెత చెప్పి నవ్వుకుంటారు. నేను నిజంగా అలాగే ఏడ్చాను, మిల్లులో, మగ్గం ముందు నిలబడి. ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు తెలిసిందా? చెవిటి ముసలిదాని చుట్టూ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నీ కూతురు మంచిది. నేనూ మంచిదాన్నే అనేవారు వీధిలో. నాకు వినపడదని తెలిసిన మర్నాటి నుంచి తను వంటింట్లో వీపు తిప్పుకుని ఏదో ఒకటి అంటుందని నా భయం. అనకపోయినా, అంటోందనే అనుకుంటాను. ఆ వీపు చూస్తూ బతకలేను. మతి పోయిందనుకున్నా నయమేనేమో అని కూడా ఆలోచించాను. మతి పోయినదాన్ని జాలిగా చూస్తారు.

కాని శనివారాలు పోతాయి. నీకు చెప్పడానికి సినిమా ఉండదు. నాకు రెండూ కావాలి. అందుకే నిన్ను అడుగుతున్నాను, రేపు కాక పై ఆదివారం ఫోన్‌లో ఏం చెబుతావో నువ్వే ఆలోచించు. నీ కూతురికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. జవాబు ఈ హాలు చిరునామాకి, కిటికీ పేరున రాయి.

రాస్తూ కిటికీ ముక్కు ఎగబీలుస్తోంది. జలుబట.

నీ చెవిటి వదిన

---

నమ్మినదాన్ని నట్టేట ముంచిన మా వదినకి,

నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? హాలు చిరునామాకి జవాబు రాయమంటే, నా ఉత్తరాన్నే మడతపెట్టి మందుల షాపు చిరునామాకి నీ కూతురికి పంపిస్తావా? పైన ‘దీన్ని అత్తయ్య ఎదురుగా కూర్చుని చదువు’ అని ఒక్క ముక్క రాసి? రహస్యం దాచమని నీకు ఇవ్వడం కంటే వీధిలో దండోరా వేయించుకున్నా సరిపోయేది. నీ కూతురు రాస్తూనే ఉంది, తలొంచుకుని నవ్వుతూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం షాపులో పని మధ్యలో వదిలేసి వచ్చేసింది. నా కుర్చీని లాగి వెలుతురులో పెట్టింది, తన మొహం మీద ఎండ పడేలా ఎదురుగా స్టూలు వేసుకుంది. ఉత్తరం తీసింది. అది కిటికీ రాసిన కాగితమే. ఒక్క ముక్క వదలకుండా చదివింది. అత్తగారి తల దువ్విన చోట ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. ఆ మాటలు తన మూతి మీద చూడటం నాకు ఎంత శిక్షో నీకు తెలుసా? తెలిసే పంపావు, నాకు తెలుసు.

మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, ‘అయిపోయింది కదా అత్తయ్యా, ఇప్పుడు నా వంతు. ఇటు చూడండి’ అంది.

చూశాను. తిట్టింది వదినా. పదకొండేళ్లవి పోగేసి ఉన్నాయి. నా వంటలో ఉప్పు చాలదని మా అమ్మకి రాయిస్తారా, అదీ నా చేతే అంది. కొత్త పరుపు మీద నూనె తలతో పడుకుంటారు అంది. వారం రోజుల సెలవు పెట్టి ఇల్లు సర్దుకుంటే మర్నాడే అన్నీ పాత చోట్లకి మార్చేశారు అంది. తప్పు మీ అబ్బాయిదైనా ఆయన్నే వెనకేసుకొస్తారు అంది. అన్నింటికంటే, మీ గుండెలో మాట రాయడానికి నా చెయ్యి పనికిరాలేదా, ఎవరో టికెట్లమ్మే ఆవిడ చెయ్యి కావాల్సొచ్చిందా అంది. అక్కడికి వచ్చేసరికి ఏడ్చేసింది. ఏడుస్తుంటే మూతి వంకర్లు పోయి చివరి రెండు మాటలు నాకు అందలేదు. మళ్లీ చెప్పమన్నాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పింది. ‘ఇవన్నీ ఇవాళ్టిదాకా గోడకి కూడా చెప్పలేదు. ఇకమీదట తిట్టాల్సొస్తే ఇలాగే, ఎదురుగా వచ్చి తిడతాను’ అంది.

తిట్టు ఎదురుగా వచ్చి పడితే ఎంత తేలికో నాకు ఇన్నేళ్లకి తెలిసింది. నేనూ రెండు తిట్టాను. ఉప్పు సంగతి వెనక్కి తీసుకోలేదు.

నీ అల్లుడికి ఆ సాయంత్రమే చెప్పాం. ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నాడట, నేలకేసి చూస్తూ, బూటు లేసు విప్పుకుంటూ. నీ కూతురు వెళ్లి గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పింది. మళ్లీ అన్నాడు. తరవాత క్షమించమన్నాడు, అది ఎవరూ గడ్డం తిప్పకుండానే అన్నాడు. చెవుల డాక్టరు చూశాడు, మిషను రెండు వారాల్లో వస్తుంది. శనివారాలు నావే. ఆదివారం ఫోన్ ఇక అక్కర్లేదని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నిన్న నీ కూతురు నాతో సినిమాకి వచ్చింది. మధ్యలో ఏదీ చెప్పదు. బయటికి వచ్చాక ముందు నా కథ చెప్పమంటుంది, తరవాత తన కథ చెబుతుంది. అందుకని ఇకమీదట నీకు ఒక్కో సినిమాకి రెండేసి కథలు వస్తాయి. ఈ వారానిది చూసి తీరాలి. ఒక ముసలామె, ఆమె ఇంట్లో అద్దెకుండే నర్సు. ఇద్దరికీ పడదు, ఒకే వంటిల్లు. ఒకచోట నర్సు చాలాసేపు మనకి వీపు పెట్టి గిన్నెలు కడుగుతూ ఉంటుంది. ముసలామె గుమ్మంలో నిలబడి ఆ వీపునే చూస్తుంటుంది. తల ఊగుతోంది, భుజాలు కదులుతున్నాయి. ఏదో అంటోందని తెలుస్తోంది, మూతి కనపడదు.

ఇంటికి నడుస్తూ నీ కూతురు, ‘అక్కడ ఏమంటోంది అత్తయ్యా?’ అని అడిగింది.

‘ఏమంటుంది, ముసలిదాన్ని తిడుతోంది’ అన్నాను.

నీ కూతురు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. నా ముందుకొచ్చి నిలబడి, ‘తిట్టడం లేదత్తయ్యా, పాడుకుంటోంది’ అంది.

ఏం పాట అన్నాను. కుడి చెవికి మూతి ఆనించి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా లక్ష్యపెట్టకుండా, మొత్తం పాడింది. గొంతు అచ్చం నీ పోలిక, బాగోలేదు. ఇది కూడా రాయమన్నాను. రాసింది.

ప్రేమతో
నీ వదిన వేలిముద్ర