షెరిన్‌కు రాని వాసన

చంద్రపూర్,
ఆగస్టు 20, 2024.

మరదలు మంగతాయికి,

నీ బావ ఇమ్మానుయేల్, ప్రభువు పేర దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ షెరినూ క్షేమం. అక్కడ మంచిర్యాలలో నువ్వూ, తమ్ముడు అనంతరావూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. క్షేమమని అలవాటు కొద్దీ రాసేశాను గానీ, మొత్తం చదివాక ఆ మాట సంగతి నువ్వే తేల్చుకో.

ఫోన్ ఉండగా ఈ ముసలాడికి ఉత్తరమెందుకని నవ్వకు. ఫోన్లో నీకు సగం వినపడదు, మిగతా సగం మీ ఇంటిల్లిపాదీ వింటారు. ఇది నీకు చెప్పాల్సిన మాట.

మీ అక్క సత్తమ్మ మళ్లీ ఇంటికి వస్తోంది మంగా.

బెదిరిపోకు, మనిషి కనపడదు. వాసన వస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు అలవాటు కదా, అప్పుడు. పద్మాపూర్ గనిలో బ్లాస్టింగ్ అవుతుంది, అరలో గిన్నెలు గలగలమని ఊరుకుంటాయి. పొయ్యి ఆరి ఉంటుంది. ఇంట్లో రొయ్య మీసం కూడా ఉండదు. ఉన్నట్టుండి సత్తమ్మ రొయ్యలు వండుతున్న వాసన! అల్లం వెల్లుల్లి వేగి, కారం పడి, ఆ వెంటనే రొయ్యలు మూకుట్లో పడితే వచ్చేది చూడు, అదే. అది వచ్చిందంటే కడుపులోంచి ఏదో పైకి లేచినట్టుంటుంది. వంటిల్లు పాత వంటిల్లయిపోతుంది. సత్తమ్మ నా వెనకే నిలబడిందని తెలుస్తూ ఉంటుంది. తిరిగి చూద్దామనుకుంటాను, మెడ తిరగదు. కాసేపటికి అంతా పోతుంది. పోయాక చూసుకుంటే నా చేతులు నాకు తెలియకుండానే చొక్కా గుండీలు విప్పేసి ఉంటాయి.

పోయిన ఎండాకాలం ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మనిషిని నేను. నా చేత్తోనే మట్టి వేశాను. అయినా నా ముక్కు నాతో అబద్ధమాడుతుందా చెప్పు.

షెరిన్‌కు చెబితే మొదట నవ్వింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను కుర్చీలో ఉన్నప్పుడే అది వచ్చింది. నేను తేరుకునేసరికి షెరిన్ నా భుజాలు పట్టి కుదుపుతోంది. బాపూ, ఎంత పిలిచినా పలుకుతలేవేంది, ఏమైంది నీకు అని ఒకటే ఏడుపు. మీ అమ్మ వచ్చి పోయిందే అన్నాను. ఆ పిల్ల ఏడుపు ఆపింది. పోయి పొయ్యి ముందు నిలబడింది. వంగి, ఆరిపోయిన బర్నర్ దగ్గర మొహం పెట్టి, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. ఆ తర్వాత నాకెందుకు వస్తలేదు బాపూ, అమ్మకు నేను యాదికి లేనా అని అడిగింది. బడిలో అరవైమంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచరమ్మ, చిన్నపిల్లలా అడిగింది. నీకు జలుబు చేసింది, పో ఆవిరి పట్టుకో అని కసిరాను. ఇంకేం చెప్పను?

మా చర్చి పాస్టరుగారికి ఆ పిల్లే చెప్పింది. ఆయన బైబిలు చంకన పెట్టుకుని వచ్చారు. విశ్వాసుల ఇళ్లలో ఇలాంటివి ఉండకూడదు బ్రదర్, ఇది శోధన అన్నారు. పొయ్యి ముందు నిలబడి, ఈ గృహములో నుండి ప్రతి దురాత్మయు తొలగిపోవును గాక అని గొంతెత్తి ప్రార్థన చేశారు. నాకు ఒళ్లు మండింది. మీ అక్కను దురాత్మ అంటే ఊరుకుంటానా! ఆయన పైకి ప్రార్థిస్తుంటే నేను లోపల అడ్డం ప్రార్థన చేశాను, తండ్రీ ఈయన మాట వినకు, ఈ ఒక్కసారికి నా మాట విను అని. మర్నాడు మధ్యాహ్నం వాసన మళ్లీ వచ్చింది. దేవుడు ఎవరి పక్షమో నువ్వే చూసుకో.

పక్కింటి వైశాలి మరాఠీ పిల్ల, మంచిది. సత్తమ్మతో ఉండి ఉండి మన మాట బాగా పట్టుకుంది. కాకా, సత్తమ్మ కాకూకు ఏదో తినాలని ఉన్నది, ఇష్టమైంది వండి ఒక పళ్లెంల పెట్టి బయట ఉంచుండ్రి, శాంతిగ పోతది అని చెప్పింది. పోతుందట! ఆమె పోవాలని నేనెక్కడన్నాను?

అప్పుడే నాకు బుద్ధి పుట్టింది. పెట్టి పంపించడానికి కాదు, ఉంచుకోవడానికి. ఆ రొయ్యలు నేనే వండగలిగితే, ఆ వాసన నా చేతిలో ఉంటుంది. ఎప్పుడంటే అప్పుడు పొయ్యి వెలిగించుకుంటాను. ఆమె వస్తుందో రాదోనని కుర్చీలో కాచుకుని కూర్చోనక్కరలేదు.

సత్తమ్మ బతికుండగా నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చిందా? గనిల నీ మిషన్ నువ్వు నడుపుకో, నా పొయ్యి జోలికి రాకు అనేది. బొగ్గు తోడే మిషన్ మీద జీవితం వెళ్లబుచ్చినవాడిని, గుప్పెడు రొయ్యలు నాకొక లెక్కా అనుకున్నాను. ఇరై డ్యాం రొయ్యలు తెచ్చి అమ్మే ఆడవాళ్ల దగ్గర తీసుకున్నాను. మొదటిసారి మటన్ లాగా కుక్కర్లో వేసి కూతలు పెట్టించాను. షెరిన్ ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, బాపూ, గీ రొయ్యలు రబ్బరు కంపెనీల తయారైనయా అంది. రెండోసారి వీపు చీల్చి నల్ల నరం తీయాలని తెలియక ఇసుక తిన్నాం. తర్వాత తర్వాత చెయ్యి కుదిరింది. ఉప్పు, పసుపు వేసి సన్నని సెగ మీద పెడితే రొయ్యలు నీళ్లు విడుస్తాయని, ఆ నీళ్లు వాటిలోనే ఇంకాలని, రొయ్య కొడవలిలా వంగితే దించాలని, ఉంగరంలా చుట్టుకుంటే చెడిందని తెలిసింది. తినడానికి బాగానే ఉన్నాయి. కానీ మీ అక్క వాసన రాలేదు. ఉట్టి రొయ్యల వాసన.

పోయిన వారం వచ్చింది.

షెరిన్ బడికి పోయింది. మూకుడు పెట్టాను, నూనె, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, కారం, అన్నీ వరసగా వేసి రొయ్యలు వేశాను. గరిటె చేతిలో ఉంది. కడుపులోంచి లేచింది మంగా, ఆ వాసన! అదే, వెంట్రుకవాసి తేడా లేదు. సాధించాననుకున్నాను. సత్తమ్మ వెనకాలే వచ్చి నిలబడింది, ఈసారి ఆమె ఊపిరి నా మెడ మీద తగిలింది. చూడవే, నీ పొయ్యి మీద నీ కూర, అందామనుకుంటున్నాను. నోరు పెగలడం లేదు. అంత సంతోషం ఈ మధ్య నేను ఎరగను.

నన్ను ఎవరో రెక్క పట్టి ఈడ్చారు. వైశాలి. కాకా, కాకా, ఘర్ జళతంయ్, ఇల్లు కాలుతున్నది అని కేకలు. ఇల్లంతా నల్లటి పొగ. మూకుడు మాడి మసి అయి, పక్కనున్న మసిగుడ్డ అంటుకుని, మంట గోడ మీది క్యాలెండర్ దాకా పోయింది. వైశాలి దగ్గుతూ సిలిండర్ కట్టేసి, బకెట్ నీళ్లు గోడ మీద గుమ్మరించింది. రొయ్యలు రొయ్యల్లా లేవు, బొగ్గు పెళ్లలు. ఆ పొగకు వీధిలో వాళ్లు కూడా ముక్కు మూసుకుని వచ్చారు. నాకు మాత్రం, ఆ పొగ మధ్య నిలబడి ఉన్నా సరే, కమ్మటి రొయ్యల వాసనే వస్తోంది. అప్పుడు మాత్రం భయమేసింది మంగా. మొదటిసారి నాకు మీ అక్కంటే భయమేసింది. వెనక నిలబడి అంతా చూస్తూ నన్ను హెచ్చరించలేదేమని.

షెరిన్ ఇంకాగలేదు. నాగ్‌పూర్ పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. తల మొత్తం మిషన్లో పెట్టి తీశారు. ఏంలేదు బాపూ, ముక్కుల పొర ఎండిపోయింది, చిన్న ఆపరేషన్ జేసి సాఫ్ జేస్తరు, గంతే అని షెరిన్ చెప్పింది. ఒప్పుకోనని మొండికేశాను. ముక్కు సాఫ్ చేస్తే ఆ వాసన కూడా పోతే? అప్పుడు మీ అక్క ఏ దారిన వస్తుంది?

అందుకే ఈ ఉత్తరం. అక్కాచెల్లెళ్లు మీరిద్దరూ ఒకే తల్లి దగ్గర, ఒకే పొయ్యి మీద వంట నేర్చుకున్నారు. రొయ్యల్లో చివరన సత్తమ్మ ఏం వేసేదో, ఎప్పుడు వేసేదో నీకు తెలియకుండా ఉండదు. ఆ కిటుకు నాకు చెప్పు. అది నా చేతికి వచ్చిందంటే, ఆ తర్వాత డాక్టర్లు నా ముక్కును ఏమైనా చేసుకోనీ. మూకుడు కొత్తది కొన్నాను. గోడకు సున్నం వేయించాను. వైశాలి పక్కన ఉంటేనే పొయ్యి వెలిగిస్తానని షెరిన్‌కు మాటిచ్చాను.

తమ్ముడికి నా వందనాలు చెప్పు. పిల్లలకు నా దీవెనలు. నీ మోకాళ్లు జాగ్రత్త.

ఇట్లు, మీ ఇంటి రొయ్యలు తిని బలిసిన నీ బావ,
ఇమ్మానుయేల్

తా.క.: పైదంతా షెరిన్‌కు చదివి వినిపించాను. ఆ పిల్ల మరాఠీ బడిలో చదివింది, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరాలు రావు. పాస్టరుగారి దగ్గర పడీ పడీ నవ్వింది, పొగ దగ్గర తల దించుకుంది. ఇప్పుడు టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఇది ఆమెకు చదవను.

నాకున్నది ముక్కు జబ్బు కాదు మంగా. తలలో గడ్డ. నాగ్‌పూర్‌లో డాక్టరు షెరిన్‌ను పక్కకు పిలిచి మరాఠీలో చెప్పాడు, తలుపు సందులోంచి నేను విన్నాను. ఇన్నేళ్లు గనిలో మరాఠీ వాళ్లతో పనిచేసినవాడికి అర్థం కాదనుకున్నారు. ఆ వాసనా, వెనక మనిషి ఉన్నట్టు తోచడమూ, అన్నీ ఆ గడ్డ చేసేవేనట. గడ్డ తీస్తే వాసన ఆగిపోతుందట. తీసేటప్పుడు మనిషి దక్కుతాడని మాత్రం గట్టిగా చెప్పలేనన్నాడు. షెరిన్ బయటికి వచ్చి కంట్లో దుమ్ము పడిందంది. నేను నమ్మినట్టే ఉన్నాను. తెలిస్తే నేను భయపడతానని ఆమె భయం, తెలుసని తెలిస్తే ఆమె కూలిపోతుందని నా భయం.

మొండితనం మానేస్తాను. రేపే సరేనంటాను. మీ అక్క రాలేదు, ఒక్కసారి కూడా రాలేదు. లేని మనిషి కోసం ఉన్న పిల్లను ఏడిపించలేను.

కాబట్టి కిటుకు రాసి పంపకు. నువ్వే రా, ఆసుపత్రికి పోకముందే రా. రొయ్యలు నేను తెచ్చి పెడతాను. నాకు నేర్పకు, షెరిన్‌ను పొయ్యి ముందు నిలబెట్టి ఆ పిల్లకు నేర్పు. ఉత్తుత్తి వాసన నాకు వచ్చింది, అసలుది ఆ పిల్లకు రానీ. రేపు నేను లేకపోయినా, తల్లి కావాలనిపించినప్పుడు ఆ పిల్ల పొయ్యి వెలిగించుకుంటుంది.

టీ తెస్తోంది. ఆపుతున్నాను. నాకు తెలుసని మాత్రం ఆమెతో అనకు.