ఓడిపోవాలని చెప్పిన మూడంకెలు

అన్నయ్యకు,

నాగమణి దణ్ణాలు. నువ్వు, వదిన ఎలా ఉన్నారు? నీ మోకాలు ఏమైనా నయమా? పాప కాలేజీకి పొద్దున్న బస్సు దొరుకుతోందా? నేను, వాసు ఒంట్లో బాగానే ఉన్నాం. ఈ ఉత్తరం చదువుతూ నువ్వు కంగారు పడతావు, అందుకని ఇంకోసారి రాస్తున్నాను. బాగానే ఉన్నాం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. మాకున్నది ఒకటే గది. వాసు ఉంటే వింటాడు. వాడు లేనప్పుడు చేద్దామంటే రెండు మాటలకే నాకు ఏడుపొచ్చేస్తోంది. కాగితమైతే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాయొచ్చు. నా ఐదో క్లాసు చదువు నీకు తెలుసు కదా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఈ గవర్నర్‌పేటకి వచ్చి నాలుగు నెలలైంది. వాసు పనిచేసే బట్టల షాపు వాళ్ళే నాకు చీరలిస్తారు, ఫాల్స్ కుట్టి ఇస్తాను. రోజుకి ఎనిమిది, తొమ్మిది అవుతాయి. నేత చీర చేతికొస్తే మాత్రం అంచు చూసి ఇది ఏ ఊరి మగ్గమో అని కాసేపు ఆగిపోతాను. ఎండలు చెప్పనక్కర్లేదు, గది పైకప్పు పెనంలా ఉంటుంది. నీళ్ళకి దిగి ఎక్కాలి. ఇక్కడ కూరగాయలకి మన వైపు రుచి లేదు. ఎవరితోనూ మాట్లాడకుండా సాయంత్రమైపోయే రోజులున్నాయి. కింది గదిలో దేవదానంగారని ఒక పెద్దాయన ఉంటారు, ఏదో ఆఫీసులో ప్యూనుగా చేసి రిటైరయ్యారు. నేను బాబాయిగారూ అంటాను. ఆయన పలకరింపే నాకు ఇక్కడ చుట్టరికం.

ఇంక అసలు సంగతి. మా పెద్దాడు సతీష్ పోయినప్పుడు నీకు సగమే చెప్పాను అన్నయ్యా. మిగతా సగం చెప్పకపోతే ఇప్పుడు వాసు గురించి చెప్పేది నీకు అర్థం కాదు.

వాడికి గుర్రపు పందేలు అలవాటని నీకు తెలుసు. ఆ అంకెలు చెప్పింది నేనేనని తెలియదు. ట్రెబుల్ అని ఒక పందెం ఉంది. వరసగా మూడు రేసులు. మూడింట్లోనూ మొదట వచ్చే గుర్రం నంబరు ముందే చెప్పాలి. రెండు తగిలి ఒకటి తప్పినా ఆ టిక్కెట్టు చిత్తుకాగితమే. ఎవరూ పట్టించుకోని గుర్రాలు మూడూ గెలిస్తే మాత్రం ఒక్క టిక్కెట్టుకే బోలెడు డబ్బు. మన ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు తొలి ముడి అమ్మ చేత వేయిస్తారు కదా. సతీష్ అదే పట్టుకున్నాడు. "మగ్గానికి తొలి ముడి నీ చేత్తోనే కదమ్మా. దీనికీ అంతే. నీకు గుర్రాలేం తెలీవు, అందుకే నీ నోటి మాట తగులుద్ది" అన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్న పక్కన కూర్చుని అడిగేవాడు. పెళ్ళీడు కొడుకు పక్కన కూర్చుని నన్ను ఒక మాట అడుగుతున్నాడన్న సంబరంతో చెప్పేదాన్ని. ఒకసారి మూడూ తగిలాయి. నీ చేతికున్న గడియారం ఆ డబ్బుతో కొన్నదే. నూలు బేరంలో మిగిలిందని నీకు చెప్పాం. ఆ తరవాత వాడు మగ్గం మీద కూర్చోలేదు. ఓడినవాడు ఏదో ఒకనాడు విసిగి ఇంటికి వస్తాడు. గెలిచినవాడు రాడు.

వాడు చనిపోయిన ఆదివారం నూలు పని మీద హైదరాబాదు వెళ్ళాడని చెప్పాను. కాదు. అక్కడ గుర్రాలని కళ్ళారా చూడాలని, మొదటి రేసుకి అందుకోవాలని బండి మీద వెళ్తూ లారీకి తగిలాడు. జేబులో నేను చెప్పిన అంకెల చీటీ ఉంది. పోలీసులు ఇచ్చిన సామాన్లలోంచి అది నేనే తీసి దాచేశాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు.

పోయిన శనివారం వాసు అన్నం తింటూ తల ఎత్తకుండా అడిగాడు. "అమ్మా, ఒక మూడంకెలు చెప్పవా?"

నేను కంచం పక్కకి జరిపాను. "ఏం అంకెల్రా?"

"సతీష్ అన్నయ్యకి చెప్పేదానివి కదా. నాకు తెలుసులే. ఒక్కసారేనమ్మా, వాడి పేరు మీద. నువ్వు చెప్పకపోతే వేరే ఎవర్నన్నా అడిగి వేస్తా."

మా సందు చివర ఒక హాలుంది. హైదరాబాదులో పరుగులు టీవీలో చూపించి టిక్కెట్లు అమ్ముతారు. నెల రోజుల నుంచీ షాపు సెలవునాడు వీడు అక్కడికే వెళ్తున్నాడట. వద్దంటే ఆగడు, సతీష్ ఆగాడా? ఘోరంగా ఓడితే అమ్మ నోటి మీద వీడికి నమ్మకం పోతుంది, దాంతో ఈ పిచ్చీ పోతుంది అనుకున్నాను. చేతులు కడుక్కుని దేవదానంగారి దగ్గరకి దిగాను. ఆయన ఆదివారాల్లో పొద్దున్న చర్చికి, మధ్యాహ్నం ఆ హాలుకి వెళ్తారు. "పొద్దున్న కడుక్కున్నది మధ్యాహ్నానికి మాపుకుంటానమ్మా" అని ఆయనే నవ్వుతారు.

"బాబాయిగారూ, రేపు ఖాయంగా ఓడిపోయే గుర్రాలు చెప్పండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "గెలిచేయి చెప్పమని ఊరంతా అడుగుద్ది. ఓడేయి అడిగింది నువ్వొక్కదానివే."

"ఖాయంగా ఓడాలండి."

రేసు పుస్తకం తిరగేశారు. "అయితే రాసుకో. మొదటిదాంట్లో తొమ్మిది, దానికి పరుగంటే పడదు. రెండోదాంట్లో పదకొండు, ముసల్ది, నా ఈడుది. మూడోదాంట్లో నాలుగు. పోయిన నెల అందరూ ఇంటికెళ్ళాక వచ్చింది."

తొమ్మిది, పదకొండు, నాలుగు. వాసుకి అవే చెప్పాను. వాడు నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు అన్నయ్యా. ఆ చెయ్యి కాల్చుకోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం వాడు వెళ్ళాడు. నాకు సూది నడవలేదు. కాసేపటికి హాలు వైపు నుంచి పెద్ద అరుపు వినిపించింది. ఇంకో అరగంట ఎలాగో ఓర్చుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను. లోపల అందరూ మగాళ్ళే. గుమ్మం దగ్గర ఒకతను "ఎవరి కోసమండీ?" అన్నాడు. "మా అబ్బాయి కోసమండీ" అన్నాను. వాసు నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, తొమ్మిది వచ్చేసింది!"

నేను నోరు తెరిచేలోపే రెండోది మొదలైంది. చివరి దాకా వెనకెక్కడో ఉన్న పదకొండు కంచె పక్కనుంచి దూసుకొచ్చి గెలిచేసింది. వాసు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. వాడి గుండె నా చెవికి వినిపిస్తోంది. వాడి భుజం మీంచి దేవదానంగారు కనపడ్డారు. రెండు చేతులూ చాపి, "నా తప్పేం లేదమ్మా, దానికే ఇవ్వాళ బుద్ధొచ్చింది" అన్నారు.

మూడో రేసుకి అరగంట ఉంది. మా చుట్టూ జనం చేరారు. రేసు దగ్గర పడుతుండగా తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వాసుని పక్కకి పిలిచాడు. "తమ్ముడూ, ఆ టిక్కెట్టు నాకిచ్చేయ్. ఇప్పుడే క్యాష్. నాలుగు రాకపోతే నీకు కాగితమే మిగులుద్ది." ఆయన చెప్పింది వాసు ఏడాది జీతం కంటే ఎక్కువ.

వాసు నా వైపు తిరిగాడు. "అమ్మేయనా, ఉంచనా? నువ్వెట్టా అంటే అట్టా."

"చెప్పండమ్మా, మీది బంగారు నోరు" అన్నాడు వెనక నుంచి ఎవరో.

అమ్మేయమంటే గెలిచినట్టే. ఉంచమంటే, నాలుగు కూడా వస్తే? ఎటు చెప్పినా ఇంకో కొడుకుని నేనే పంపిస్తున్నట్టుంది. గంట మోగింది, గుర్రాలని గేట్లలోకి ఎక్కిస్తున్నారు. తెల్లచొక్కా ఆయన తొందరపెడుతున్నాడు. అప్పుడు చెప్పేశాను. "అవి నా నోటివి కాదురా. ఓడిపోయే గుర్రాలేవో బాబాయిగారిని అడిగి చెప్పాను. నువ్వు ఓడిపోవాలని చెప్పాను."

వాడు టిక్కెట్టు గుప్పిట్లో బిగించాడు. "అన్నయ్యకీ ఇట్టాగే చెప్పేదానివా?"

"లేదురా. వాడికి గెలవాలనే చెప్పాను. మనసారా చెప్పాను."

రేసు మొదలైపోయింది. టిక్కెట్టు వాడి గుప్పిట్లోనే ఉంది. వాడు టీవీ వైపు చూడలేదు, నన్నే చూస్తున్నాడు. చుట్టూ "నాలుగు! నాలుగు!" అని అరుస్తున్నారు. ఇది నీకు ఒక్కడికే రాస్తున్నాను అన్నయ్యా. ఆ అరుపు వింటూ ఉంటే నా గొంతులోంచి కూడా "రా, రా" అని వచ్చింది. ఓడాలని చెప్పిన నోరే. నన్ను నేను ఆపుకోలేకపోయాను. సతీష్‌కి లోపల ఏం జరిగేదో ఆ నిమిషంలో తెలిసింది. వాసు నా నోరు కదలడం చూశాడు.

నాలుగో నంబరు గుర్రం మూడోదిగా వచ్చింది. తెల్లచొక్కా ఆయన "బతికిపోయాన్రా బాబూ" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

నాలుగు రోజులు వాసు నాతో మాట్లాడలేదు. పెట్టింది తిని షాపుకి పోయేవాడు. "అంత డబ్బు పోగొట్టావు" అని తిట్టినా బాగుండేది. ఈ పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడకి చెప్పినట్టు అన్నాడు. "డబ్బు గురించి కాదమ్మా. ఆ అరుపు వినపడితే కాళ్ళు ఆగవు. ఆదివారం నన్నిక్కడ ఉంచమాక."

"నేనూ ఉండలేనురా" అన్నాను.

అందుకని ఆదివారం మొదటి బస్సుకి ఉయ్యూరు మీదుగా మేమిద్దరం వస్తాం. ఈ వారమే కాదు, ప్రతి వారం వస్తాం. సాయంత్రం చివరి బస్సుకి తిరిగి వెళ్తాం. వాడికి ఏదో ఒక పని చెప్పు, ఖాళీగా మాత్రం కూర్చోబెట్టకు. ఏమీ అడగొద్దు. వదినని కూడా అడగొద్దని చెప్పు. పరుగులు ఫోనులోనూ కనపడతాయట, వాడు దాన్ని నీ చేతికిస్తానన్నాడు, తీసి బీరువాలో పెట్టు. మధ్యలో ఇవ్వమని గొడవ చేస్తాడేమో, ఇవ్వొద్దు. నేను అడిగినా ఇవ్వొద్దు.

సతీష్ సంవత్సరీకానికి తిథి ఎప్పుడొచ్చిందో పంతులుగారిని కనుక్కుని ఉంచు. వదినకి, పిన్నికి నా నమస్కారాలు, పాపకి ముద్దులు. వాసు మీద నీ చల్లని చూపు ఉండాలి. తిడతావో ఓదారుస్తావో, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే చెయ్యి.

నీ చెల్లెలు
నాగమణి