ఇంట్లో ఇంకెవరికైనా ఉందా

డిసెంబర్ 3

లేవగానే తలనొప్పి. కార్తీకం నుంచీ ఇదే వరస. నుదుటికి తడిగుడ్డ బిగించి కట్టినట్టుంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. మాత్ర వేసుకోను. మాత్రల కంపెనీలను నేను నమ్మను.

కూతురు పద్మశ్రీ దగ్గర్లోని కుమ్హారి ఊరి నుంచి ఫోన్ చేసింది. మీ దగ్గర్లోనే రుఆబాంధాలో మెడలూ వెన్నులూ సరిచేసే కైరోప్రాక్టర్ ఉన్నాడు, అపాయింట్‌మెంట్ తీసుకున్నాను నాన్నా అంది. నన్ను అడక్కుండానే. అతను అల్లుడి ఫ్రెండ్ అయ్యుంటాడు.

డిసెంబర్ 6

కైరోప్రాక్టర్ పేరు రవికాంత్. మనవాళ్ళే, తాత విజయనగరం నుంచి వచ్చాడట. తెలుగులో మొదలుపెట్టి సగంలో హిందీలోకి జారిపోతాడు. కాలర్‌కి మైక్ తగిలిస్తానన్నాడు, యూట్యూబ్ కోసమట. వద్దన్నాను. తలనొప్పికి మైక్ ఎందుకు?

బోర్లా పడుకోబెట్టి మెడను ఒక్క తిప్పు తిప్పాడు. టక్‌మంది. ఆ చప్పుడు నా మెడలోంచి వచ్చిందో, అతని వేళ్ళలోంచి వచ్చిందో చూడటానికి లేదు.

తర్వాత ప్రశ్నలు. అంకుల్, సుబహ్ జ్యాదా, పొద్దున్న ఎక్కువ ఉంటుందా? బయటికెళ్తే తగ్గుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అక్కడ దొరికిపోయాడు. ఒక్క మెడతో సరిపెట్టుకోడు, ఇంటిల్లిపాదినీ ఆ బల్ల ఎక్కిస్తాడు. ఎవరికీ లేదన్నాను. మా ఆవిడ నూకమ్మ గుండ్రాయిలా ఉందని కూడా చెప్పాను.

డిసెంబర్ 9

చలి ముదిరింది. హీటర్ కొనమని పద్మశ్రీ గోల. షాక్ కొట్టి చస్తే ఎవడు పూచీ? మాకు కుంపటి ఉంది. అందులో మామూలు బొగ్గు వాడను, ముందే కాల్చి పొగ తీసేసిన బొగ్గు, కోక్, వేస్తాను. ఇక్కడి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో రిటైరైనవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. బాగా అంటుకున్నాక పొగ రాదు, కళ్ళు మండవు. రాత్రి పడుకునేటప్పుడు కుంపటి నూకమ్మ వైపే పెడతాను, ఆవిడకి చలి ఎక్కువ.

మేముండే క్యాంప్ 1లో దొంగల భయం. కిటికీలకు గడియలు పెట్టి, వెంటిలేటర్‌కి అట్ట కొట్టాను. కూసింత తెరుద్దామండీ, ఊపిరాడతన్నేదు అంటుంది నూకమ్మ. ఆవిడ దృష్టిలో లోకంలో అందరూ మంచివాళ్ళే.

డిసెంబర్ 12

రవికాంత్ ఫోన్ చేశాడు. అంకుల్, ఘర్ మే సిగ్డీ జలాతే హై క్యా అని అడిగాడు. మేం కుంపటి వెలిగిస్తే అతనికెందుకు? హీటర్లు కూడా అమ్ముతున్నట్టున్నాడు. పెట్టేశాను.

డిసెంబర్ 13

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. గిరాకీ లేనట్టుంది.

డిసెంబర్ 15, కుమ్హారి

మనవరాలి పుట్టినరోజుకి వచ్చి ఇద్దరం ఇక్కడే పడుకున్నాం. పొద్దున్న లేస్తే తలనొప్పి లేదు. పద్మశ్రీ టీలో ఏదో కలిపి ఉంటుంది. గ్లాసు అడుగున చూశాను, ఏమీ కనబడలేదు. నూకమ్మ కూడా హుషారుగా తిరుగుతోంది.

మనవరాలు క్రిస్మస్ సెలవులకి మా ఇంటికొస్తుందట. అమ్మమ్మకీ తాతయ్యకీ మధ్యలో పడుకుంటుందట. ఈ ఒక్క మాట మీద మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు.

డిసెంబర్ 17

ఇంటికొచ్చిన మర్నాడే తల మళ్ళీ పగిలిపోతోంది. ఇప్పుడర్థమైంది. ఆ రవికాంత్ సగమే బాగుచేస్తాడు, మిగతా సగానికి మళ్ళీ రప్పించుకుంటాడు.

నూకమ్మ అన్నం కెలికి వదిలేసింది. ఏమైందంటే, నాకేటీ నేదు అంది. ఏదో దాస్తోంది.

డిసెంబర్ 19, మధ్యాహ్నం, ఆసుపత్రి

పొద్దున్న నూకమ్మ లేవలేదు. అలిగిందనుకున్నాను. పాలు తెచ్చి, వరండాలో పేపర్ తిరగేసి, టీ సంగతేంటని లోపలికెళ్ళాను. భుజం తట్టాను. చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది. పక్కన కుంపటిలో కోక్ ఇంకా ఎర్రగా ఉంది.

అప్పుడు నా గొంతే నాకు వినిపించింది. కోక్ ఓవెన్స్‌లో కొత్తవాళ్ళకి గ్యాస్ సేఫ్టీ క్లాసు చెప్పింది నేనే. కోక్ కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. ముందు తలనొప్పి. బయటి గాలి తగిలితే తగ్గుతుంది. ఒకేచోట ఇద్దరికి తల నొప్పెడితే ఆలోచిస్తూ కూర్చోకండి, బయటికి పరిగెత్తండి. గ్యాస్ మీటర్ లేకుండా ఒక్కణ్ణీ లోపలికి పోనిచ్చేవాణ్ణి కాదు. ఇంట్లో మాత్రం అట్ట కొట్టి మరీ మూశాను.

చంకల కింద చేతులేసి ఆవిడను వరండాలోకి లాక్కొచ్చాను. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. ఇంకాస్త ఆలస్యమైతే, అని డాక్టర్ ఆగిపోయాడు.

తనకీ కార్తీకం నుంచే తలనొప్పట. మీతో ఏటి సెప్పమంటారు, సెప్తే మిమ్మల్ని సూసి నాటకాలాడతన్నానంటారు కదా అంది. అనేవాణ్ణే. నాకు ఏడుపొచ్చింది. ఇంకో వారం ఆగితే ఆ గదిలో మా ఇద్దరి మధ్యా మనవరాలు.

రవికాంత్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆంటీ ఠీక్ హై నా అని అడిగాడు. నా మెడ ఊసే ఎత్తలేదు.

డిసెంబర్ 22

అట్ట పీకేశాను. కిటికీ తెరిచే ఉంది.

పొద్దున్న నూకమ్మను, తల నొప్పిగా ఉందా అని అడిగాను. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. ఆవిడ నా వైపు అనుమానంగా చూసింది.