నా పేరిట అందిన వాయిదా ఉత్తరం

న్యాయ కళాశాల ప్రవేశ పరీక్షల అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా పరీక్షను వచ్చే ఏటికి వాయిదా వేయమని నా పేరిట అందిన ఉత్తరాన్ని రద్దు చేసి, ఈ ఆదివారమే పరీక్ష రాయనివ్వవలసిందిగా కోరుట.

నాకు యాభై ఏళ్లు. ఇంటర్ వరకు చదివాను. పన్నెండేళ్లుగా ఒక వకీలు గారి ఆఫీసులో కేసు కాగితాలు కట్టలుగా కుడుతున్నాను. కుడుతూ కుడుతూ చదవడం అలవాటై, ఈ పరీక్షకు దరఖాస్తు పెట్టాను.

1. సోమవారం నా ఫోనుకు, "మీ కోరిక మేరకు పరీక్ష వాయిదా వేయబడుచున్నది. అభ్యంతరమున్నచో మూడు రోజులలో తెలుపవలెను" అని సందేశం వచ్చింది. నేను అటువంటి కోరిక పంపలేదు.

2. మొదట వకీలు గారిని అనుమానించాను. "నువ్వు నల్లకోటు వేసుకుంటే నా కట్టలెవరు కుడతారమ్మా?" అని ఆయన నవ్విన మాట వాస్తవం. ఆయన బల్ల మీది కాగితాలన్నీ తిరగేశాను. ఏమీ దొరకలేదు. అందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగాను. వకీలు గారిని ఇంకా అడగలేదు.

3. నిన్న, మంగళవారం, తమ కార్యాలయంలో గుమాస్తా గారు ఆ ఉత్తరం చూపించారు. దస్తూరి నాదే. మోకాళ్ల నొప్పి అన్న కారణమూ నేను రాసినదే. సంతకం మాత్రం నాది కాదు. "రాసింది మీరే, సంతకం మీది కాదా? ఇదేం చోద్యమమ్మా!" అని వారు నన్నే అనుమానంగా చూశారు. వారిని తప్పు పట్టను.

4. జరిగినది ఇది. పోయిన వారం నమూనా పరీక్షలో నూటికి ముప్పై ఒకటి వచ్చేసరికి బెదిరిపోయి ఆ ఉత్తరం రాశాను. పంపాలో వద్దో తేలక, దేవుణ్ణే తేల్చమని అడిగి, సంతకం చేయకుండానే కవరు అంటించి ప్రార్థన పుస్తకంలో ఉంచాను. మా ఇంట్లో బయటికి పంపే ప్రతి కాగితం ఒక రోజు ఆ పుస్తకంలో ఉంటుంది. మరునాడు మా ఆయన తీసుకెళ్లి ఇచ్చి వస్తారు. ఇదీ అంతే అనుకున్నారట.

5. నిన్న ఇంటికి వెళ్లి ఆయన్ను విచారించాను.

"నాకేం తెలుసు? కవరు కనబడింది, ఇచ్చొచ్చాను. తెరిచి కూడా చూళ్లేదు."

"మరి సంతకం ఎవరు పెట్టారండీ?"

"సంతకం లేకపోతే తిప్పి పంపుతారని నేనే పెట్టా."

"తెరవకుండానే సంతకం లేదని ఎలా తెలిసిందండీ?"

ఆయన మంచినీళ్లకు లేచారు. రెండు గ్లాసులు తాగారు. తర్వాత, "అంతమంది పిల్లల మధ్య కూర్చుని నువ్వు చిన్నబోతావని భయమేసిందే" అన్నారు. నమ్మాను, సగం.

6. నేను అడిగినదానికి దేవుడే ఇలా జవాబిచ్చాడేమోనని ఒక పూట అనుమానించాను. కానీ దేవుడు ఒకరి సంతకం దొంగతనంగా పెట్టడు. కనుక తేల్చుకోవలసినది నేనేనని గ్రహించి, పరీక్ష రాయడానికే నిశ్చయించుకున్నాను.

మా ఆయనపై తమరు ఎటువంటి చర్యా తీసుకోవద్దని మనవి. ఇంట్లో తీసుకుంటున్నాను.

రేపటితో గడువు ముగుస్తున్నందున, ఈలోగానే నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(ఈ సంతకం నాదే)

మరొక మాట: ఈ కాగితం ఇవ్వబోతుంటే గుమాస్తా గారు, "ఆదివారం పరీక్ష మొత్తానికే వాయిదా పడేలా ఉందమ్మా" అన్నారు. నిజమేనా అయ్యా? అందరికీ పడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు, తర్కం ప్రశ్నలు ఇంకా సగం మిగిలాయి. నా ఒక్కదానికి మాత్రం వద్దు.